తిట్టు తెగేదాకా నడక

మా అత్త నా చేతుల్లో పోతుందేమోనని నా భయం. అన్నిటికంటే పెద్ద భయం అదే. పోతే తట్టుకోలేనని కాదు, నేనే చంపానంటారని.

పైకి అనకూడని మాటే. కానీ ఇంట్లో ఆయాసం మనిషి, చంకలో ఏడాది నిండని పిల్ల, కోతల కాలమంతా మిర్చి లోడుతో గుంటూరు దారిలోనే ఉండే మొగుడు ఉన్న ఏ కోడల్ని కదిపినా ఇదే చెప్తుంది. అత్త పోవడం ఒక్కరోజు సంగతి. కోడలు చంపిందన్న మాట మాత్రం నా కూతురి పెళ్ళి నాటికి కూడా ఊళ్ళో బతికే ఉంటుంది.

ఇది పోయిన మిరప కోతలప్పటి సంగతి. మాది అద్దంకి దగ్గర ఊరు. మా అత్త పేరు పున్నమ్మ. ఆవిడ ఊపిరితిత్తులు పాడయ్యాయని, మళ్ళీ బాగయ్యే రకం కాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని గుంటూరులో డాక్టరు చెప్పాడు. చుట్ట తాగే అలవాటుందా అని అడిగితే మా అత్త కుర్చీలోంచి లేచిపోబోయింది, కాపురం చేసుకునే ఆడదాన్ని పట్టుకుని ఏం మాటలవి అని. డాక్టరు నవ్వలేదు. వంట దేనిమీద అన్నాడు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నేను కోడలిగా వచ్చేదాకా పత్తికట్టె, మిరపకట్టె పొయ్యి. నేనొచ్చాకే గ్యాసు. మీ చుట్ట ఆ పొయ్యే అన్నాడాయన. బస్టాండు దాకా ఆయన్ని తిడుతూనే ఉంది, మధ్యమధ్య ఆగి గోడ పట్టుకుని.

మందుతోపాటు ఆయన రాసిన ఇంకో సంగతి నడక. ఆయాసమని కూర్చోబెడితే కాళ్ళలో సత్తువ పోతుందట, సత్తువ పోయినకొద్దీ ఆయాసం పెరుగుతుందట. మాటిమాటికీ గుంటూరు రాలేరు కాబట్టి ఫోన్లోనే నేర్పిస్తారు. పొద్దున్నే వీడియోలో ఒక మేడమ్ వస్తుంది, ఇలాంటి జబ్బువాళ్ళందరూ ఎవరిళ్ళలో వాళ్ళు ఉండి ఆమె చెప్పినట్టు చేయాలి, తర్వాత ఫోను దగ్గర పెట్టుకుని నడవాలి, అడుగులు అదే లెక్కపెడుతుంది. మా ఆయన ఉదయ్ కుమార్ అన్నిటికీ తలూపాడు. ఇంటికొచ్చి, నా ఫోన్లో ఆ క్లాసు పెట్టించి, "అమ్మని నడిపించు" అని చెప్పి లారీ ఎక్కాడు.

ఆ క్లాసు చెప్పే మేడమ్ పేరు నస్రత్. నాకంటే పెద్దదేం కాదు. ఇంటర్ సగంలో ఆపించి నాకు పెళ్ళి చేశారు, ఆపకపోతే నేనూ ఇలా ఎక్కడో కూర్చుని ఎవరి అత్తల్నో నడిపించేదాన్నని మొదటిరోజే అనిపించింది. ఫోనుని బియ్యం డబ్బాకి ఆనించి పెట్టాను. మేడమ్ ముందు ఊపిరి వదలడం నేర్పింది. వేడిపాలు ఊదినట్టు పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా వదలాలి. ఆయాసం ముంచుకొస్తే పడుకోకూడదు. ముందుకి వంగి, చేతులు మోకాళ్ళ మీద ఆనించి, పాలు ఊదుతున్నట్టే ఊదాలి. వేలికి పెడితే ఒంట్లో ఆక్సిజను ఎంతుందో చూపే చిన్న మిషను ఒకటి కొనమంది, నడకకి ముందూ తర్వాతా చూడమని.

మా అత్త వేలు ఇచ్చేది కాదు. పిడికిలి బిగించేది. నేను విప్పి పెట్టేదాన్ని.

ఎంత వేగంగా నడవాలో తెలియడానికి మేడమ్ ఒక ఉపాయం చెప్పింది. నడిచేటప్పుడు మనిషిని మాట్లాడించాలి. మాట పూర్తిగా వస్తే నడక సరిగ్గా ఉన్నట్టు. మాట మధ్యలో తెగితే ఆపెయ్యాలి. "ఆవిడకి ఇష్టమైన సంగతులు మాట్లాడించండి" అంది నాతో.

మా అత్తకి ఇష్టమైన సంగతి నన్ను తిట్టడమే.

పాపని చంకనేసుకుని నేను పక్కన నడిచేదాన్ని. ఆవిడ తిట్టేది. మా అమ్మ పెంపకం దగ్గర మొదలెట్టి, నా కూర, నా నిద్ర, నా పిల్ల ముక్కు, అన్నీ వరసన. నేను తిట్టు వినడం మానేసి తిట్టు పొడుగు వినడం నేర్చుకున్నాను. ఎక్కడ తెగిందో చూసుకుని, చేయి పట్టుకుని ఎవరి అరుగు ముందో నిలబెట్టేదాన్ని. మొదట్లో ఎదురింటి వాకిలి దాకా కూడా ఒక తిట్టు నిలిచేది కాదు. ఆవిడ తరచుగా ఎత్తుకునే మాట ఒకటుండేది. "నువ్వు మా ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ..." అక్కడికి ఊపిరందక ఆగిపోయేది. ఆ రోజు నుంచీ ఏమైందో మాత్రం ఎప్పుడూ చెప్పలేకపోయేది.

ఊరు ఊరుకోలేదు. మా వీధిలో అందరికీ ఆయాసం మనిషంటే మంచం. మంచం మీద కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళిచ్చి, వచ్చినవాళ్ళందరూ అయ్యో అని వెళ్ళాలి. అలాంటిది నేను రోజూ ఎండెక్కకముందే ఆవిణ్ణి వీధిలోకి లాక్కెళ్తున్నాను. ఎదురింటి వెంకటరావమ్మ అరుగు మీద పళ్ళు తోముకుంటూ కనిపెట్టుకుని ఉండేది. ఆవిడ అరుగు దగ్గరికొచ్చేసరికి మా అత్తకి ఆయాసం రెండింతలయ్యేది. నడుం పట్టుకుని, కళ్ళు మూసుకుని, నిలబడలేనట్టు ఊగేది. నిజం ఆయాసమెంతో, నా మీద చాడీ ఎంతో నాకు తెలుసు. వేలి మిషనుకీ తెలుసు. వెంకటరావమ్మకి తెలియదు.

"ఏమ్మా ధనశ్రీ, బర్రెకి కూడా ఈనే ముందు విశ్రాంతిస్తాం" అందొకరోజు. "పున్నమ్మక్కని ఇలా తిప్పమని ఎవరు చెప్పారు నీకు?"

డాక్టరు చెప్పాడన్నాను. ఫోన్లో చెప్తారన్నాను.

"ఫోనుదేముందిలే. అది ఎవరికి కావాల్సింది వాళ్ళకి చెప్తుంది."

మా అత్త అరుగుకి ఆనుకుని వింటూ ఉంది. కాదని ఒక్క ముక్క అనలేదు. ఆవేళ నీళ్ళ ప్లాంటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసి మాట ఆపేశారు. మంగళవారం కోడలు అత్తని నడిపిస్తోందనుకున్న ఊరు, శుక్రవారానికల్లా తరుముతోంది అనుకుంది. రాత్రి అన్నం తింటూ ఆ సంగతి ఫోన్లో మా ఆయనకి చెప్తే, ఊళ్ళోవాళ్ళ మాటలు నీకెందుకన్నాడు. లారీలో ఊరుండదు కాబట్టి అనగలడు.

ఆ క్లాసులో మా అత్త ఎదురుచూసేది ఒక్కరి కోసమే. ఆయనతో తగువు కోసం. సింగరాయకొండ హుస్సేన్ సాహెబ్. వయసులో ఉన్నన్నాళ్ళూ పొగాకు పండబెట్టే బ్యారన్లలో మంట వేసిన మనిషి, ఇప్పుడు ఒంటరిగా ఒక గదిలో ఉంటాడు. ఆయన ఫోను ఎప్పుడూ కిటికీలో ఉండేది, సగం మొహమూ సగం ఫ్యానూ కనపడేది. మా అత్త నడకంటే మొహం ముడుచుకోవడం చూసి మొదట ఆయనే కదిపాడు.

"ఏం చెల్లెమ్మా, మీ అద్దంకివైపు వాళ్ళు నిలబడే నడుస్తారా?"

"మీకేం సాయిబుగారూ, సముద్రపు గాలి వెనకనుంచి తోస్తుంది."

"తోసేదానికి నాకు గాలే ఉంది. నీకు కోడలుంది."

"అది తోస్తే నేరుగా కాటికే" అంది మా అత్త. మేడమ్ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఏమైతేనేం, ఆయనకంటే వెనకబడటం ఆవిడకి నచ్చలేదు. మేడమ్ ఎవరెంత నడిచారో చదివేది. ఆయన పేరు ముందొస్తే ఆ పూట నాకు తిట్లు ఎక్కువ. మాఘం వెళ్ళేసరికి ఒక తిట్టు మా వాకిట్లో మొదలై పాలకేంద్రం దాకా తెగకుండా వచ్చింది. నేను సంతోషించాను. తిట్టించుకుని సంతోషించిన కోడలు ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కోతలు ముదిరాయి. ఊరవతల ఖాళీ జాగా అన్నదంతా కళ్ళాలైపోయింది. పట్టాలు పరిచి పోసిన కాయ ఎండకి ఎర్రగా మండుతూ ఉంటే, గాలి అటునుంచి వీస్తే చాలు, వీధిలో మనుషులు తుమ్మేవాళ్ళు. ఆవిణ్ణి అటువైపు పోనివ్వొద్దని మేడమ్ మరీ మరీ చెప్పింది. మా కాయ కూడా అక్కడే ఎండుతోంది. నేను కూలీలకి టీ ఇచ్చి రావడానికి తప్ప వెళ్ళేదాన్ని కాదు, పిల్లుందని.

అప్పుడే మా అత్త, రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు, నేనే నడుస్తానంది. ఫోను రొంటిన దోపుకుని పొద్దున్నే వెళ్ళేది. పాలకేంద్రం దాకా వెళ్ళి వస్తున్నానంది. వెంకటరావమ్మ మాటలు తప్పాయని నేను ఊపిరి పీల్చుకున్నాను. హుస్సేన్ సాహెబ్ పేరు ఎప్పుడూ వెనకే ఉండేది. ఏం తింటున్నావు చెల్లెమ్మా అని ఆయన అడిగితే, నువ్వు తినలేనిదంది. ఆ రోజుల్లో ఆవిడ మొహంలో ఎప్పుడూ చూడని వెలుగొకటి చూశాను. అందుకే దగ్గు కాస్త పెరిగినా పట్టించుకోలేదు.

ఒక పొద్దున ఆవిడ వచ్చి పాపని ఒళ్ళో వేసుకుంది. పాప ఆవిడ కొంగు నోట్లో పెట్టుకుంది, ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుంది. ఆ తర్వాత అది పెట్టిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పెదవులు వాచాయి, కళ్ళు తెరవలేదు. గుక్క పట్టి నీలంగా అయింది. ఒక్క క్షణం అత్త ఊపిరే నా పిల్లలోకి వచ్చిందనుకున్నాను. కొంగు వాసన చూశాను. కారం. కిందికి చూస్తే చీర అంచూ పాదాలూ చీలమండల దాకా ఎర్రగా ఉన్నాయి.

పిల్ల మొహం కడిగి, వెన్న రాసి, అది ఊరుకున్నాక అడిగాను. కళ్ళంలోకి వెళ్తున్నారా అని.

వెళ్తున్నానంది. దాపరికం లేదు. ఎండబోసిన కాయని రోజూ తిప్పాలి, లేకపోతే కింది కాయ బూజు పడుతుంది. మావైపు ఆడవాళ్ళు అది కాళ్ళతోనే చేస్తారు. ఈ చివర నుంచి ఆ చివరకి కాయల్లో కాళ్ళీడ్చుకుంటూ నడిస్తే చాళ్ళు పడతాయి, అడుగు కాయ పైకొస్తుంది. మళ్ళీ వెనక్కి. ఆవిడ చేసిన నడకంతా అదే. ఫోను రొంటినే ఉంది కాబట్టి అడుగులన్నీ పడ్డాయి. ఆ అడుగులకే మేడమ్ చప్పట్లు కొట్టించింది.

"ఆ ఘాటులోనా? చచ్చిపోతే ఎవరిది పూచీ?" అన్నాను. గొంతు పెద్దదే అయింది. "వీధిలో నడవడానికేమొచ్చింది మీకు?"

ఆవిడ లేచి నిలబడింది.

"వీధిలో ఊరికే తిరగడానికి నేనేమన్నా ఊరమ్మటి మనిషినా? నువ్వు మా ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచీ నా పొయ్యి తీయించావు, నా బర్రెల్ని అమ్మించావు, మంచమేసి కూర్చోబెట్టావు, ఇప్పుడు పనీపాటా లేకుండా నడవమంటున్నావు. నడిస్తే ఒక పనైనా కావాలిగా."

ఎక్కడా తెగలేదు. మొదట్నుంచీ పూర్తి కాని ఆ మాట ఆరోజు మొత్తం వచ్చింది. ఇదా అని నిలబడిపోయాను. పొయ్యి తీయించింది ఆవిడ ఊపిరి కోసమే. బర్రెల్ని అమ్మింది ఆవిడ మందుల కోసమే. అవి చెప్పే ఓపిక నాకు లేదు, నా పిల్ల కళ్ళు ఇంకా తెరవలేదు. రేపు కళ్ళంలోకి వెళ్తే ఇంటికి రావద్దన్నాను. అన్నది గుమ్మంలో నిలబడి. ఎదుట అరుగు మీద వెంకటరావమ్మ ఉంది.

మర్నాడు ఆవిడ కళ్ళంలోకే వెళ్ళింది.

నేను పాపకి పాలు పడుతూ చూసుకోలేదు. చూసుకుని పరిగెత్తేసరికి గాలి తిరిగి ఉంది. కళ్ళం మధ్యలో, చీలమండల దాకా కాయలో, నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యెత్తింది. తిట్టబోయింది.

"నువ్వు..." అంది. ఆగింది. "నువ్వు..." అంది మళ్ళీ. మూడోసారి పెదవులు కదిలాయి, మాట రాలేదు.

ఆ కోతల కాలమంతటిలో నేను నిజంగా భయపడింది అప్పుడే. ఆవిడ నన్ను తిట్టలేకపోయింది.

పిల్లని ఎవరి చేతికిచ్చానో తెలియదు. కూలీలు అప్పటికే పట్టుకున్నారు. ఒకామె పడుకోబెట్టండి అంటోంది, ఇంకొకామె నెత్తిన నీళ్ళు గుమ్మరించబోతోంది. నేను ఆ బిందె లాగి విసిరేశాను. పడుకోబెట్టబోతున్న చేతుల్ని తోసేశాను. ఆవిణ్ణి రెక్క పట్టుకుని గాలికి ఎదురు పక్కకి ఈడ్చుకెళ్ళి, గట్టు మీద కూలేసి, మెడ పట్టి ముందుకి వంచాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టాను. పాలు ఊదండి, పాలు ఊదండి అని అరిచాను. రొంటిన ఫోనుతోపాటు పెట్టి ఉన్న పీల్చేమందు తీసి నోట్లో కొట్టాను. చూసేవాళ్ళకి అది ఎలా కనపడిందో నాకు తర్వాత తెలిసింది. కోడలు అత్త మెడ వంచి మోకాళ్ళకేసి నొక్కిందన్నారు. మంచినీళ్ళు పోయబోతే బిందె విసిరేసిందన్నారు. రెండూ నిజమే.

నూట ఎనిమిది అంబులెన్సు వచ్చేదాకా ఊదుతూనే ఉంది. నేను కూడా ఎదురుగా కూర్చుని ఊదాను.

ఒంగోలు ఆసుపత్రికి మా ఆడబిడ్డ అనూష మాకంటే ముందే వచ్చింది. ఆమె కాపురం అక్కడే. వెంకటరావమ్మ ఫోను కూడా మాకంటే ముందే వచ్చింది ఆమెకి.

"నీ నడకల పిచ్చికి మా అమ్మే దొరికిందా వదినా?" అంది. "ఇంట్లోకి రావద్దన్నావట గుమ్మంలో నిలబడి. రాకుండానే చేశావుగా."

వార్డులో అందరూ తిరిగి చూశారు. మా ఆయన అప్పుడే లారీ ఎక్కడో వదిలి వచ్చాడు. నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. కళ్ళంలోకి తనే వెళ్ళిందని మా అత్త ఒక్క మాట చెప్తే చాలు. మాస్కు వెనక కళ్ళు తెరిచే ఉన్నాయి. చెప్పలేదు. అనూష నా చేతిలో ఫోను లాక్కుని, ఇవాళ్టితో ఆ క్లాసు తీసేస్తున్నానంది. అమ్మని తనతో తీసుకెళ్ళి మంచం దిగకుండా చూసుకుంటానంది.

అలా అంటూనే మంచం మీదున్న వేలి మిషను తీసి తల్లి చెయ్యి పట్టుకుంది. మా అత్త పిడికిలి బిగించింది. అనూష విప్పబోయింది, రాలేదు.

తర్వాత ఆవిడ ఆ చెయ్యి నావైపు చాపింది. వేలు ముందుకి పెట్టి. మొహం మాత్రం గోడవైపే ఉంది.

నేను మిషను తీసుకుని పెట్టాను. అనూష కాసేపటికి ఫోను మంచం మీద పడేసి బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక మళ్ళీ వాకిలి నుంచి మొదలు. కళ్ళాలు ఎత్తేశారు, బస్తాలకెత్తి టిక్కీలు కట్టాక కాయ గుంటూరు మార్కెట్ యార్డుకి పోయింది. ఆవిడకి ఊరికే నడవడం సిగ్గు కాబట్టి పాలకేంద్రానికి పాల క్యాను పట్టుకుని వెళ్ళే ఏర్పాటు చేశాను. మాకు బర్రె లేదు, క్యాను ఖాళీ. పోయించుకుని రావడానికన్నట్టు వెళ్తుంది. వెంకటరావమ్మ నాతో మాట్లాడదు. నేనూ మాట్లాడను. తిట్లు మళ్ళీ పొడుగవుతున్నాయి. నా మీద జాలి పడక్కర్లేదు, అవి నాకు కావాలి.

క్లాసులో మాత్రం హుస్సేన్ సాహెబ్ లేడు. మేము ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచే రావడం లేదని మేడమ్ చెప్పింది. ఫోను చేస్తే స్విచాఫ్. ఆమె దగ్గరా ఆ నంబరే ఉంది. మొదటిరోజు మా అత్త, పోనీలే పీడా పోయిందంది. రెండోరోజు సాయిబు ఇంకా రాలేదా అంది. తర్వాత నడక మధ్యలో, తిడుతూ తిడుతూ ఆగిపోయింది. ఊపిరందక కాదు.

"ఆయనకెవరున్నారే?" అంది.

ఎవరూ లేరన్నాను.

"నేను పోతే నువ్వు చంపావంటారు. అనడానికి నువ్వున్నావు. ఆయన పోతే ఎవర్నంటారు?"

క్యాను చేతిలో పట్టుకుని పాలకేంద్రం దాకా అలాగే నడిచింది.

ఆయన నడక గురించి చెప్పినప్పుడల్లా విన్న గుర్తులు ఇవే. సింగరాయకొండ స్టేషను అవతల, పట్టాల పక్క వీధిలో, ఒక చర్చి దాటాక గది. నీలం రంగు కిటికీ. ఆ కిటికీలోంచి రైళ్ళ చప్పుడు మాకు ఫోన్లో వినపడేది. మా ఆయన లారీ అటు పోదు, పిల్లనీ ఈవిణ్ణీ వదిలి నేను పోలేను. అటువైపు వెళ్ళేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఒకసారి ఆ తలుపు తట్టండి. తలుపు తీస్తే బాగున్నారా అని అడగొద్దు, బాగున్నానంటాడు. సముద్రపు గాలి లేకపోతే నువ్వు వీధి దాటలేవని అద్దంకి చెల్లెమ్మ అంటోందని చెప్పండి. ఆయన బదులు తిడతాడు. ఆ తిట్టు ఎంతదాకా తెగకుండా వస్తుందో వినండి.